ఎంపకాయ్ నుంచి నేట్రాన్ దాకా నడిచేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు

టాంజానియా సఫారీ అంటే మనవాళ్లకి జీపు టాపులోంచి తల బయటపెట్టి సింహాన్ని ఫోటో తీసుకోవడమే గుర్తొస్తుంది. గోరొంగోరో కొండల మీద ఉన్న ఎంపకాయ్ అగ్నిబిలం (చల్లారిన అగ్నిపర్వతం నోరు) నుంచి నేట్రాన్ సరస్సు దాకా మూడు నాలుగు రోజులు కాలినడకన దిగే దారి అలా ఉండదు. సామాను గాడిదల మీద వస్తుంది. ముందు తుపాకీ పట్టుకుని రేంజరు, వెనక ఈటె పట్టుకుని అక్కడి మసాయి తెగ కుర్రాడు, మధ్యలో మనం. వెళ్లేముందు అందరూ నన్ను సింహాల గురించే అడిగారు. నాకు చుక్కలు చూపించినవి మాత్రం బూట్లు.

నాలుగేళ్లు అటక మీద డబ్బాలో ఉన్న బూట్లవి. కొత్తవాటిలా మెరుస్తున్నాయి కదా అని వేసుకెళ్లాను. ఎంపకాయ్ అగ్నిబిలం లోపలికి దిగుతుంటే కుడికాలి సోలు మడమ దగ్గర నోరు తెరిచింది. ఆ బిలం అడుగున ఉన్న సరస్సు ఒడ్డుకి చేరేసరికి మొత్తం ఊడి చేతికొచ్చింది. ఊరికే దాచి ఉంచితే గాలిలో తేమకి సోలులోని ఫోమ్ పొడిపొడి అయిపోతుందట, తర్వాత తెలిసింది. మసాయి కుర్రాడు తాడుముక్కతో బిగించి కడితే, కుంటుకుంటూ పైకొచ్చాను. కాబట్టి మీ బూట్లని కనీసం నెలరోజులు ముందే వేసుకుని, వీపున బ్యాగుతో నడవండి. వీలైతే తిరుమల మెట్లు ఎక్కడమే కాదు, దిగడం కూడా అలవాటు చేసుకోండి. ఈ దారిలో మోకాళ్లని తినేసేది దిగుడే. కాలిగోళ్లు పొట్టిగా కత్తిరించుకోకపోతే రెండోరోజుకే బొటనవేలు నల్లబడుతుంది.

ఎందుకంత దిగుడంటే, ఎంపకాయ్ అంచున టెంటు వేసే చోటు ఇంచుమించు మూడు వేల మీటర్ల ఎత్తు. నేట్రాన్ ఆరువందల మీటర్లే. మన ఆంధ్రా తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరాలే 1,700 మీటర్లు దాటవు, మరి అక్కడ పడుకునేది దానికన్నా ఎంత పైనో చూడండి. కొందరికి మొదటి రాత్రి తలనొప్పి, వికారం వస్తాయి. ఆ రోజు నెమ్మదిగా నడవాలి, నీళ్లు తాగుతూ ఉండాలి, మందు కొట్టకూడదు. తలనొప్పి ముదిరినా, నడక తూలుతున్నా ఓర్చుకుని కూర్చోకుండా కిందికి దించమని చెప్పాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా పైన రాత్రిళ్లు గడ్డకట్టేంత చలి. భూమధ్యరేఖకి మూడు డిగ్రీల దూరమే కదా అని స్వెట్టరు ఇంట్లో వదిలేసి వచ్చిన మా బావగారు రాత్రంతా పొయ్యి పక్కనే చలి కాచుకుంటూ కూర్చున్నారు.

ఇక జంతువులు. భయపడాల్సింది అడవిదున్నకి, అక్కడి స్వాహిలీ భాషలో న్యాతి. మందలో ఉన్నప్పుడు మనిషి అలికిడికి పక్కకి జరుగుతుంది. మందని వదిలి పొదల్లో ఒంటరిగా పడుకునే ముసలి పోతు అలా కాదు, దగ్గరకెళ్లేదాకా కదలదు, కదిలిందంటే నేరుగా మీదికే. ఎంపకాయ్ గోడల మీది అడవిలో ఇవి ఉంటాయి. ఒకచోట మా రేంజరు పిడికిలి పైకెత్తి ఆగాడు. దారిలో పేడ. బూటు కొనతో తాకాడు, లోపల ఇంకా తడిగా మెరుస్తోంది, ఈగ కూడా వాలలేదు. ఒక్క మాట మాట్లాడకుండా మమ్మల్ని వెనక్కి తిప్పి వేరే దారి పట్టించాడు. అందుకే చెబుతున్నా: ఒకరి వెనక ఒకరు నడవండి, కబుర్లు వద్దు, ఫోను సైలెంట్‌లో పెట్టండి, కళ్లు రేంజరు చేతి మీదే ఉండాలి. తనంతట తాను పరుగెత్తేవాడి వల్ల అందరికీ ముప్పు. ఫోటో కోసం వెనకబడటం ఇంకా పెద్ద తప్పు.

రాత్రి టెంటు చుట్టూ హైనాలు తిరుగుతాయి. తినుబండారాలు టెంటులో పెట్టుకోవద్దు, బూట్లు మాత్రం లోపలే ఉంచండి, తోలు దొరికితే నమిలేస్తాయి. చీకట్లో బయటికి వెళ్లాలంటే ముందు జిప్పు కొంచెం తీసి టార్చి చుట్టూ తిప్పి, కళ్లు మెరవలేదని చూసుకున్నాకే కాలు బయటపెట్టాలి.

నేట్రాన్‌కి దిగాక కథ తిరగబడుతుంది. ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, నీడ లేదు. తెల్లవారకముందే బయల్దేరి పదికల్లా నడక ముగించేయాలి. మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్లకి తగ్గకుండా ఉండాలి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పది పెట్టుకోండి. ఆ సరస్సు నీరు చాకలి సోడా కలిసిన క్షార నీరు, చర్మాన్నీ కళ్లనీ కొరికేస్తుంది. ఒడ్డున తెల్లగా గట్టిగా కనిపించే పొర కింద బురద ఉంటుంది, గైడు అడుగేసిన చోటే అడుగేయాలి. ఫ్లెమింగోలు గూళ్లు కట్టేది ఇక్కడే, దగ్గరికి వెళ్లి బెదరగొట్టొద్దు. పక్కనే ఉన్న ఓల్‌డోయిన్యో లెంగాయ్ ఇంకా బతికున్న అగ్నిపర్వతం, 2007లో పేలింది. అర్ధరాత్రి మొదలుపెట్టి ఎక్కుతారు, రాయి జారే నిటారు వాలు. మూడు రోజుల నడకతో అలసిపోయిన కాళ్లతో నేనైతే ఎక్కనివ్వను.

మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, ఆ నెలల్లో ఈ దారి పెట్టుకోకండి.

బయల్దేరే ముందు పనులు: నైరోబీ, అడిస్ అబాబా మీదుగా విమానం ఉంటే పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా కార్డు తప్పనిసరి అనుకోండి. పది రోజుల ముందే వేయించుకోవాలి, హైదరాబాదులో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్ టెన్షన్. మలేరియా మాత్రలు డాక్టరుని అడిగి మొదలుపెట్టండి. నేట్రాన్‌కి వెళ్లే రోడ్డు మీది ఊరి పేరే మ్టో వా మ్బు, అంటే దోమల ఏరు. షుగరుకి ఇన్సులిన్ వాడేవాళ్లు పైన చలికి గడ్డకట్టకుండా, కింద ఎండకి పాడవకుండా సొంత బ్యాగులో పెట్టుకోవాలి, గాడిద మూటలో కాదు. ఇన్సూరెన్సు కాగితంలో ట్రెక్కింగ్ ఉందా, ఎత్తుకి పరిమితి ఎంత అనేది చదవండి. 2019 జూన్ నుంచి టాంజానియాలో ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం, ఆవకాయా పొడులూ కవర్లలో చుట్టకుండా స్టీలు డబ్బాల్లో సర్దుకోండి.

తిరిగొచ్చాక ఏడాదిలోపు, ముఖ్యంగా మొదటి రెండు మూడు నెలల్లో, జ్వరం వస్తే వైరల్ అని వదిలేయకుండా, ఆఫ్రికా వెళ్లొచ్చానని డాక్టరుకి మొదటి మాటగా చెప్పి మలేరియా పరీక్ష చేయించుకోండి.