నా అనుభవం: ఆటోమేటిక్ కారులో ఆ వణుకు ఎలా పోయిందంటే

రావులపాలెం దాటి తణుకు వైపు హైవే ఎక్కాక, 60–70 కిలోమీటర్ల వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచితే చాలు, కారు సన్నగా వణికేది. అమలాపురం సందుల్లో, కాలవగట్ల మీద ఏమీ ఉండేది కాదు. మెకానిక్ స్పార్క్ ప్లగ్గులు మార్చాలన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు.

ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజిన్‌తో తిరిగే ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం, గేర్‌బాక్స్ వైపున్న మరో రెక్కల చక్రం టర్బైన్ మీదికి ఆయిల్‌ను విసిరి దాన్ని తిప్పుతుంది. మధ్యలో ఉన్నది ఆయిలే కాబట్టి టర్బైన్ కాస్త వెనకబడుతుంది. ఆ జారుడంతా వేడిగా మారి పెట్రోలు వృథా అవుతుంది. అందుకే నిలకడ వేగంలో కారు కంప్యూటర్ సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) ద్వారా ఆయిల్ ప్రెషర్ మార్చి, లోపలి క్లచ్‌ను కన్వర్టర్ కవర్‌కు అదుముతుంది. ఇక ఇంజిన్, టర్బైన్ ఒక్కటిగా తిరుగుతాయి. ఆయిల్ పాతబడి గుణం చెడితే క్లచ్ పట్టుకుంటూ, జారుతూ వణుకుతుంది.

వెనక బండ్లు లేనప్పుడు, యాక్సిలరేటర్ వదలకుండా ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ను కొద్దిగా తాకించాను. బ్రేక్ స్విచ్ సిగ్నల్ వెళ్లగానే క్లచ్ విడిపోయి ఆర్‌పీఎం పెరిగింది, వణుకు ఆగింది. ప్లగ్గుల వల్ల ఇంజిన్ మిస్‌ఫైర్ (పెట్రోలు సరిగా మండకపోవడం) అయితే సాధారణంగా అలా ఆగదు.

రాజమండ్రిలో గేర్‌బాక్స్ పని తెలిసినాయన దగ్గర ఆయిల్ మార్పించాను, మాన్యువల్‌లో రాసిన గ్రేడే. ఒకసారి డ్రెయిన్ చేస్తే మొత్తం రాదు, చాలా ఆయిల్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. అందుకే కొన్నాళ్లు నడిపి మళ్లీ మార్పించాను. వణుకు పూర్తిగా పోయింది. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ చేరే పాన్‌లో లోహపు రజను లేదు కాబట్టి ఆయిల్‌తో సరిపోయింది, ఉండుంటే గేర్‌బాక్స్ దింపాల్సి వచ్చేది.