మూత్రపిండాల పరిశోధన ఫలితాలను మన చికిత్సలోకి తెచ్చుకోవడం ఎలా?

షుగరు, బీపీ ఉన్నవారికి కర్నూలు, అనంతపురం, కడపల్లో మూత్రపిండాల పరీక్ష పేరుతో చాలాసార్లు రాసేది సీరమ్ క్రియాటినిన్ (కండల నుంచి వచ్చి, మూత్రపిండాలు వడకట్టాల్సిన వ్యర్థం రక్తంలో ఎంత ఉందో చూపే పరీక్ష) ఒక్కటే. రిపోర్టులో ఆ అంకె హద్దుల్లో ఉందంటే రోగి నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోతాడు. మూత్రపిండాల జబ్బును నెమ్మదింపజేసే కొత్త మందులతో ఇటీవల వచ్చిన మార్పు మనదాకా రావాలంటే మొదట ఈ అలవాటు మారాలి. ఏసీఆర్, అంటే మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రోటీన్)–క్రియాటినిన్ నిష్పత్తి, అనే పరీక్షను కూడా అడిగి చేయించుకోవాలి.

దీనికి పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం ఇవ్వడం మేలు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి ఉన్నప్పుడు, ఒళ్లు హూనమయ్యేలా పని చేసిన మరునాడు ఇస్తే అంకె లేనిపోనిదిగా పెరుగుతుంది. గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలే. 300 దాటితే నష్టం ఎక్కువగా ఉందని అర్థం. 30 గానీ అంతకు మించి గానీ వచ్చినా, ఈజీఎఫ్‌ఆర్ (క్రియాటినిన్‌ను బట్టి లెక్కగట్టే మూత్రపిండాల వడపోత వేగం) 60 కన్నా తగ్గినా, ఆ స్థితి మూడు నెలలకు పైగా నిలిచినప్పుడే దీర్ఘకాలిక జబ్బుగా తేలుస్తారు. కండ తగ్గిన వృద్ధుల్లో క్రియాటినిన్ మోసం చేస్తుంది. జబ్బు ఉన్నా అంకె బాగానే కనిపిస్తుంది.

ఏసీఆర్ మీద ఇంత పట్టు ఎందుకంటే, మొదట షుగరు కోసం వచ్చిన మందుల్లో 2019లో కానాగ్లిఫ్లోజిన్ మీద, 2020లో డాపాగ్లిఫ్లోజిన్ మీద వెలువడిన పెద్ద అధ్యయనాలు రెండూ మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నవారినే ఎంచుకున్నాయి. రెండో అధ్యయనంలో షుగరు లేనివారూ ఉన్నారు. మూత్రపిండాల పనితనం సగానికి పడిపోవడం, పూర్తిగా చెడిపోవడం, గుండె లేదా మూత్రపిండాల కారణంగా మరణించడం, ఇవన్నీ కలిపి లెక్కించిన ముప్పు అందులో 39 శాతం తగ్గింది. 2020లో పేటెంటు ముగిశాక డాపాగ్లిఫ్లోజిన్ మన దేశంలో చవకైంది. కాబట్టి రిపోర్టు పట్టుకుని డాక్టరు గారిని సూటిగా అడగండి: లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి పాత బీపీ మందు తగిన మోతాదులో ఉందా, దానికి డాపాగ్లిఫ్లోజిన్ తోడు చేయవచ్చా? టైప్ 2 షుగరు ఉన్నవారు మూత్రపిండాలను కాపాడే మరో రెండు మందులు ఫినెరినోన్, సెమాగ్లుటైడ్ గురించి కూడా అడగవచ్చు.

మందు మొదలుపెట్టిన కొత్తలో ఈజీఎఫ్‌ఆర్ కొంచెం తగ్గడం ఊహించినదే. భయపడి సొంతంగా మానేయకూడదు. మన ఎండల సంగతి మాత్రం ముందే మాట్లాడుకోవాలి. మే నెలలో ఉపాధి హామీ పనికి వెళ్లేవారు, రంజాన్ ఉపవాసం ఉండేవారు, వాంతులు విరేచనాలు పట్టుకున్నవారు ఏ మాత్రను ఎన్నాళ్లు ఆపాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవాలి. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్ ఈ ఎండల్లో మరీ చేటు.

ఇక పరిశోధనకు అందనివి. ఈ మందులన్నీ జబ్బును నెమ్మదింపజేసేవే. మచ్చకట్టిన మూత్రపిండాన్ని తిరిగి మామూలుగా చేసే మందు ఇంకా లేదు. క్రియాటినిన్‌ను దింపుతామని పసరు అమ్మేవారిని ఈ మాట దగ్గరే నిలదీయవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో షుగరు లేని రైతులకు ఈ జబ్బు ఎందుకు వస్తోందో ఏళ్ల తరబడి వెతుకుతున్నా కారణం నిశ్చయంగా తేలలేదు. అలాంటప్పుడు అనంతపురంలో ప్రతి కేసునూ ఫ్లోరైడ్ నీటి ఖాతాలో వేసి పరీక్షలు మానుకోవడం తెలివైన పని కాదు. 2024 మార్చిలో అమెరికాలో జన్యువులు మార్చిన పంది మూత్రపిండం అమర్చిన వ్యక్తి సుమారు రెండు నెలలకు మరణించారు. కనుక మార్పిడి అవసరమైనవారు అలాంటి వార్తల కోసం ఆగకుండా, నెఫ్రాలజిస్టు (మూత్రపిండాల నిపుణుడు) ద్వారా ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవాలి.

ఎవరైనా కొత్త మందు ప్రయోగంలో చేరమంటే, భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నమోదు సంఖ్య అడగండి. సమ్మతి పత్రం తెలుగులో ఇచ్చి, ఇంటివాళ్లతో చదువుకునే వ్యవధి ఇస్తేనే సంతకం పెట్టండి.