ఆడకుండానే సాగే ఆట – మూడవ పాఠం: కథకుడు నవ్వకూడదు

గత రెండు పాఠాలలో మనం ఒక వీరుడిని తయారుచేసుకున్నాము. అతడు శత్రువును ఎదుర్కోవడం, దొరికిన సొత్తును సంచిలో వేసుకోవడం, సంచి నిండగానే సంతకు వెళ్ళి అమ్మడం, ఆ డబ్బుతో మెరుగైన ఆయుధం కొనడం అనే చక్రాన్ని మనిషి ప్రమేయం లేకుండా తిరిగేలా అమర్చుకున్నాము. యంత్రం తిరుగుతోంది, అంకెలు పెరుగుతున్నాయి. అయినా ఈ స్థితిలో దానిని ఐదు నిమిషాలకు మించి ఎవరూ చూడరు. ఇప్పుడు నేర్చుకోవలసినది తెర మీద కనబడే వాక్యాలను రాయడం. చేయడానికి పనేమీ లేని ఆటను మనుషులు నెలల తరబడి తెరిచి ఉంచుతున్నారంటే, అందులో సగం ఘనత పెరిగే అంకెలది, మిగిలిన సగం ఆ అంకెల పక్కన నడిచే కథనానిది అని నా అభిప్రాయం.

ఈ విద్యలో మొదట పరిశీలించవలసిన ఆట ప్రోగ్రెస్ క్వెస్ట్. ఎరిక్ ఫ్రెడ్రిక్‌సెన్ 2002లో విడుదల చేసిన ఈ ఆట, 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ వంటి ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ (ఒక పాత్రగా మారి ఆడే) గేమ్‌లకు వ్యంగ్యానుకరణ. ఆ పెద్ద ఆటలలో శత్రువును ఎంచుకుని దాడి మొదలుపెట్టాక పోరు చాలావరకు దానంతట అదే సాగేది. ఆ పనినే విసుగు లేకుండా మళ్ళీ మళ్ళీ చేసినవారికి లెవెల్ పెరిగేది. అంతమాత్రానికి ఆటగాడు మాత్రం ఎందుకని ప్రోగ్రెస్ క్వెస్ట్ అడిగింది. ఇందులో మనం ఒక జాతిని, ఒక వృత్తిని ఎంచుకుని, బలం, తెలివి వంటి గుణాలకు పాచికలు వేసుకుని, పేరు పెట్టి వదిలేస్తాము. ఆ తరువాత మిగిలేది ప్రోగ్రెస్ బార్లు నిండడాన్ని చూడటమే. జాతుల జాబితాలో మాట్లాడే పోనీ గుర్రం, మంత్రించిన మోటార్‌సైకిల్ ఉన్నాయి. అవి తొలి చూపులో నవ్వించి ఊరుకుంటాయి. నిలిచే హాస్యం బార్లలో ఉంది. అనుభవానికి ఒక బార్, సంచి బరువుకు ఒక బార్ ఉన్నట్టే, కథ ఎంతవరకు నడిచిందో చూపడానికి కూడా ఒక బార్ ఉంది! కథ ఏమిటో ఎవరూ చెప్పరు, అది ఎంత పూర్తయిందో మాత్రం తెలుస్తూ ఉంటుంది. ఇంతటి ఎగతాళిని ఆ ఆట ఎక్కడా ఎగతాళిగా ప్రకటించుకోదు.

మన మొదటి సూత్రం అక్కడే దొరుకుతుంది: కథకుడు నవ్వకూడదు. వీరుడు ఒక కప్పతో తలపడి ఓడిపోయాడనుకుందాము. "హహ! మన పిరికి వీరుడు కప్పను చూసి పారిపోయాడు!" అని రాస్తే నవ్వు మొత్తం కథకుడే నవ్వేశాడు, చదివేవారికి ఏమీ మిగలలేదు. "వీరుడు కప్ప చేతిలో ఓడిపోయాడు" అంటే సమాచారం అందింది, అంతకు మించి ఏమీ జరగలేదు. ఇప్పుడు ఈ వాక్యాన్ని చూడండి: "కప్పతో చర్చలు విఫలమైనందున వీరుడు వ్యూహాత్మకముగా వెనుకకు తగ్గెను, కప్ప తన భూభాగమును నిలబెట్టుకొనెను." ఇది సైన్యం విడుదల చేసే ప్రకటనల భాష. కొండను తవ్వి ఎలుకను పట్టడమే ఇక్కడి శిల్పం. అయితే కొండ నిజంగా కొండలా ఉండాలి, ఎలుకను ఎక్కడా దాచకూడదు. పాత గ్రాంథికపు క్రియలు మనకు ఇందుకు ఎంతగానో ఉపయోగపడతాయి, కనుక వాటిని ధైర్యంగా వాడండి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది, దాని దగ్గర కొంతసేపు ఆగాలి. వ్యాసంలోని చమత్కారాన్ని పాఠకుడు ఒక్కసారి చదువుతాడు. ఈ ఆటలోని వాక్యం అతడి కళ్ళ ముందు వందలసార్లు పోతుంది. మొదటిసారి పకపకా నవ్వించిన వాక్యం పదవసారికి చిరాకు పుట్టిస్తుంది. కనుక వాక్యాలను ఒక్కొక్కటిగా రాయకుండా అచ్చులుగా రాసుకోవాలి. వాక్యపు చట్రం స్థిరంగా ఉండి, క్రియ, విశేషణం, శత్రువు పేరు అనే మూడు ఖాళీలు మాత్రం మారుతూ ఉండాలి. 12 క్రియలు, 30 విశేషణాలు, 40 శత్రువులు రాసుకుంటే 14,400 వాక్యాలు పుడతాయి; రాసే శ్రమ మాత్రం 82 మాటలది. కొత్తగా రాసేవారు మూడు ఖాళీలలోనూ వింత మాటలనే నింపుతారు, దానితో తెర అంతా గోలగా తయారవుతుంది. ఒక వాక్యంలో ఒక్క ఖాళీయే వింతగా ఉండాలి. "అర్ధవార్షిక దయ్యమును సంహరించెను" అన్నప్పుడు క్రియ, శత్రువు మామూలువే కాబట్టి ఆ విశేషణం వెలుగుతుంది. పది వాక్యాలలో ఆరేడు పూర్తిగా సాదాగా ఉన్నా నష్టం లేదు. అవి లేకపోతే మిగిలినవి నవ్వించలేవు.

పేర్ల విషయంలో మన వ్యాకరణమే ఒక ఆయుధాన్ని ఇచ్చింది. సంస్కృత పదాన్ని తెలుగు పదంతో అడ్డదిడ్డంగా అతికితే వైరి సమాసమని పండితులు మందలిస్తారు. మనకు కావలసినది ఆ దోషమే. "గొళ్ళెమాస్త్రము", "చెంచాయుధము", "మహాచెప్పు" వంటివి ఏ వివరణా లేకుండానే పని చేస్తాయి. సొత్తు పేరు ఎంత నిర్దిష్టంగా ఉంటే అంత మంచిది: "పాత వస్తువు" కంటే "రాక్షసరాజు ఎడమ కాలి చెప్పు" మేలు, కుడి చెప్పు ఎప్పటికీ దొరకకపోవడం ఇంకా మేలు.

ఇక కాలం సంగతి. ఐఆర్‌సీ అనే పాత ఇంటర్నెట్ చాట్ వ్యవస్థలోని గదులలో సాగిన ఐడిల్ ఆర్‌పీజీ అనే ఆటలో చేయవలసినదల్లా గదిలో ఉండి మౌనం వహించడమే. మాట్లాడితే, ఆ మాట పొడవును బట్టి, తరువాతి లెవెల్‌కు పట్టే సమయం పెరుగుతుంది. చాటింగ్ కోసం కట్టిన చోట నోరు మూసుకున్నవాడే మహావీరుడు కావడం కన్నా గొప్ప చమత్కారాన్ని నేను ఈ జాతి ఆటలలో చూడలేదు. అందులోని అసలు హాస్యం వాక్యాలలో లేదు, నియమమే హాస్యం. అక్కడి లెక్క 600 సెకన్లతో మొదలై ప్రతి లెవెల్‌కు 1.16 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన మొదట 10 నిమిషాలు పట్టిన పని, 20 లెవెల్‌లు దాటాక సుమారు మూడుంబావు గంటలు, 40 దాటాక రెండున్నర రోజులకు పైగా పడుతుంది. జూలియన్ తియెన్నో 2013లో చేసిన కుకీ క్లికర్‌లో కూడా ఒక్కో కట్టడం కొన్నప్పుడల్లా దాని తరువాతి ధర 15 శాతం పెరుగుతుంది. మీరూ ఆ చుట్టుపక్కల గుణకాన్నే తీసుకోండి.

ఈ పెరుగుదలకు తగినట్టు రచన కూడా మారాలి. తొలి గంటలో ఆటగాడు తెర ముందే ఉంటాడు, అతడికి పొట్టి వాక్యాలు చాలు. తరువాత అతడు వెళ్ళిపోయి మరునాడు వస్తాడు. అప్పుడు అతడికి కావలసినది నివేదిక. తాను లేనప్పుడు కూడా తన కోసం ఏదో జరిగిందని, ఏదీ పోలేదని తెలియడంలోనే ఈ ఆటల ఆకర్షణ అంతా ఉందంటే అతిశయోక్తి కాదు. కనుక నివేదికను శ్రద్ధగా రాయండి: "మీ గైర్హాజరులో వీరుడు 212 శత్రువులను జయించెను. వారిలో ముగ్గురు క్షమాపణ కోరిరి. ఒకరు ఇప్పటికీ మన క్షమాపణ కొరకు వేచియున్నారు."

నివేదిక కంటే ఒక మెట్టు పైన ఉండేది దినచర్య. దానికి గాడ్‌విల్ అనే ఆటను చూడాలి. 2007లో రష్యన్ భాషలో మొదలై 2010లో ఇంగ్లీషులోకి వచ్చిన ఈ ఆటలో మనం వీరుడిని కాము, అతడు కొలిచే దేవుడిని. అతడు తన ఇష్టప్రకారం తిరుగుతూ డైరీ రాసుకుంటాడు. మనం అతడిని ప్రోత్సహించవచ్చు, శిక్షించవచ్చు, ఆకాశవాణి వినిపించవచ్చు, అతడు దానిని పట్టించుకోకపోవచ్చు. డైరీ వాక్యాలు, శత్రువుల పేర్లు చాలావరకు ఆటగాళ్ళు పంపినవే. మాట వినని వీరుడి మీద పుట్టే ముచ్చట, చెప్పినట్టల్లా ఆడే బొమ్మ మీద పుట్టదు. మన ఆటలో కూడా ఫలితానికి హామీ లేని ఒక్క బటన్ పెట్టండి. ఆటగాడు "తూర్పుకు వెళ్ళు" అని ఆజ్ఞాపిస్తే, డైరీలో "పైన ఉరిమినట్టుంది. గొడుగు కొనుక్కోవాలి" అని పడాలి.

ఒక్క హెచ్చరిక. వ్యంగ్యం వ్యవస్థ మీద ఉండాలి, ఆటగాడి మీద కాదు. గేమ్ డిజైనర్ ఇయన్ బొగోస్ట్ 2010లో, ఫేస్‌బుక్ వంటి చోట్ల ఆడే సోషల్ గేమ్‌లను వెక్కిరించడానికి కౌ క్లికర్ చేశాడు. ఆరు గంటలకు ఒకసారి ఆవు మీద క్లిక్ చేయడమే ఆట. మరుసటి సంవత్సరం ఆవులన్నింటినీ మాయం చేసినా, కొందరు ఆ ఖాళీ స్థలాల మీద క్లిక్ చేస్తూనే ఉన్నారు. ఇది వెక్కిరింత అని తెలిసే ఆడేవారిని "ఇంకా ఆడుతున్నారా?" అని దెప్పిపొడిచే వాక్యాలు రాయడం వృథా.

అభ్యాసం: పైన చెప్పిన మూడు ఖాళీలతో రెండు చట్రాలు రాసి, ఒక్కో ఖాళీకి పదేసి మాటలు సమకూర్చుకోండి, వాటిలో మూడింట రెండు వంతులు సాదా మాటలే కావాలి. పాచికలు వేసి యాభై వాక్యాలు వరుసగా పుట్టించి, గట్టిగా చదవండి. రెండవసారి చదివినప్పుడు విసుగు పుట్టించిన మాటను కొట్టివేయండి, దాని స్థానంలో వెంటనే కొత్తది పెట్టకండి. ఆకాశవాణికి మూడు జవాబులు రాయండి: వీరుడు విన్నది, పొరపాటుగా విన్నది, అసలే విననిది. తరువాతి పాఠంలో, ఆటగాడి ఓటమికి తావు లేని ఆటలో వీరుడి మరణాన్ని ఎలా రాయాలో చూద్దాము.