కుక్కపిల్ల కుంటుతోందా? కాల్షియం సీసా పక్కన పెట్టి ముందు కాలు చూడండి

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఒక ల్యాబ్రడారో జర్మన్ షెపర్డో కనిపిస్తోంది. పిల్లకు అయిదారు నెలలు వచ్చి, ఒక పొద్దున కాలు సరిగ్గా మోపలేదనుకోండి, చుట్టుపక్కల వాళ్లందరిదీ ఒకటే మాట: "ఏటీ కాదు బాబూ, ఎదుగుతంది కదా, ఎముకలు లాగుతుంటాయి. కాల్షియం పొయ్యి, అదే తగ్గిపోద్ది." ఎదుగుదల నొప్పులు నిజంగానే ఉన్నాయి, చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి కూడా. కాకపోతే ముల్లు, ఎముక విరగడం, పిడుదుల జ్వరం, కీలు లోపం ఇవేవీ కావని తేలాక అనాల్సిన మాట అది. మనవాళ్లు దాన్నే మొదట అనేస్తారు. అక్కడే వారాలు వృథా అవుతాయి.

ముందు ఏ కాలో తేల్చుకోండి

ఇంట్లో టైల్స్ మీద ఏ కుక్కైనా జారుతూనే నడుస్తుంది, అక్కడ ఏమీ తెలియదు. మట్టి నేల మీదో సిమెంటు రోడ్డు మీదో ఒకరు మెల్లగా నడిపిస్తే ఇంకొకరు ఎదురుగా నిలబడి చూడాలి. నొప్పి ముందు కాల్లో ఉంటే, ఆ కాలు నేలకు ఆనిన క్షణంలో తల పైకి లేస్తుంది, మంచి కాలు ఆనినప్పుడు కిందికి దిగుతుంది. వెనక కాలైతే తలను వదిలేసి నడుము చూడండి. నొప్పి ఉన్న వైపు తుంటి ఎక్కువగా ఎగిరిపడుతుంది.

తర్వాత పక్కకు పడుకోబెట్టి, ఒకరు తల పట్టుకుని మాట్లాడుతూ ఉండాలి. నొప్పిలో ఉన్న కుక్క అన్నం పెట్టిన చేతినైనా కరుస్తుంది, మూతికి మెత్తటి గుడ్డ కట్టడం తప్పు కాదు. బాగున్న కాలితో మొదలుపెట్టండి, అది ఎంతవరకు ఓర్చుకుంటుందో తెలుస్తుంది. పాదం నుంచి పైకి రండి: గోళ్లు, వేళ్ల మధ్య చర్మం, అరిపాదం మెత్తలు, మణికట్టు, మోచెయ్యి, భుజం. ఒక్కో కీలూ మెల్లగా మడిచి చాపండి. చివర్లో కీళ్లను వదిలేసి, పొడవాటి ఎముకల మధ్య భాగాన్ని బొటనవేలితో కండ పక్కకు తోసి నొక్కండి. ఈ చివరి పని ఎందుకో కింద చెప్తాను.

నిన్నటిదాకా బాగుంది, ఇవాళ కాలు ఎత్తేసింది

పదింట ఎక్కువసార్లు కారణం పాదంలోనే దొరుకుతుంది. మన ఇసుక నేలల్లో పల్లేరు కాయ ఒకటి చాలు. అది వేళ్ల మధ్య బొచ్చులో ఇరుక్కుంటే పైకి కనిపించదు, వేలితో తడిమితేనే గరుగ్గా తగులుతుంది. తుమ్మ ముల్లైతే కొస విరిగి లోపల ఉండిపోతుంది, రెండు రోజుల తర్వాత ఆ చోట చిన్న గడ్డ లేస్తుంది. పైకి కనిపిస్తున్న ముల్లును ట్వీజర్‌తో లాగి, ఉప్పు నీళ్లతో కడిగితే సరిపోతుంది. లోపల విరిగిందనిపిస్తే సూదితో కెలకొద్దు, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

పలాస, మందస వైపు వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. జీడి పిక్కల తొక్కులో ఉండే నూనె మనిషి చేతికి తగిలితేనే బొబ్బలెక్కుతుంది. తొక్కు కుప్పల మీద తిరిగి వచ్చిన పిల్ల పాదాలు నాకుతూ కుంటుతుంటే వెంటనే సబ్బు నీళ్లతో బాగా కడిగి, నాకకుండా చూడండి. వేసవి మధ్యాహ్నం తారు రోడ్డు కూడా అరిపాదాలను కాల్చేస్తుంది. మీ అరచేతి వెనక వైపు రోడ్డుకు ఆనించి అయిదారు సెకన్లు ఉంచలేకపోతే, పిల్లను దాని మీద నడిపించకూడదు.

డాబా మీద నుంచి దూకినా, బండి తగిలినా, కాలు అసలు మోపకపోయినా, వాచినా, వంకరగా వేలాడుతున్నా అదే రోజు డాక్టరుకు చూపించాలి. పిల్లల ఎముకల చివర ఎదిగే పొర ఉంటుంది, అది పెద్దవాటికన్నా తేలిగ్గా దెబ్బతింటుంది. నాటు కట్టు వేయించొద్దు. బిగుతు కట్టుతో రక్తం ఆగి పాదమే పోయే ప్రమాదం ఉంది.

ఒక కాలు తగ్గింది, ఇంకో కాలు మొదలైంది

సోమవారం కుడి ముందు కాలు, రెండు వారాలకు ఎడమ వెనక కాలు. దెబ్బ తగిలింది లేదు, కీళ్లు వాచలేదు. పిల్ల వయసు అయిదు నెలలకూ ఏడాదిన్నరకూ మధ్యన ఉంది, పెద్ద జాతి, అందులోనూ మగది. ఇదే అసలైన "ఎదుగుదల నొప్పి". డాక్టర్లు దీన్ని పానోస్టియైటిస్ అంటారు. జర్మన్ షెపర్డ్‌లలో ఎక్కువ. ఇందులో నొప్పి కీలులో ఉండదు, పొడవాటి ఎముక నడిమి భాగంలో ఉంటుంది. అందుకే పైన బొటనవేలితో నొక్కమన్నాను. ముందు కాలి పై ఎముక మధ్యన నొక్కగానే పిల్ల గిర్రున తల తిప్పి మీ చేతి వైపు చూసినా, కాలు లాక్కున్నా, అదే ఎముకకు చివర్లో నొక్కితే పట్టించుకోకపోయినా, అనుమానం ఇటే మొగ్గుతుంది.

ఎక్స్‌రేలో ఎముక లోపల తెల్లని మచ్చల్లా కనిపిస్తుంది, అయితే కుంటడం మొదలైన మొదటి పది రోజుల్లో ఏమీ కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగుందన్నారు, మరి ఎందుకు కుంటుతోంది" అని టెన్షన్ పడేవాళ్లకు జవాబు ఇదే. రెండు వారాలాగి మళ్లీ తీయిస్తే తేలుతుంది. చికిత్సలో చెప్పుకోదగ్గ మందు ఏమీ లేదు. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో డాక్టరు రాసిన నొప్పి మందు, విశ్రాంతి, అంతే. ఒక్కో విడత కొన్ని వారాలు ఉండి పోతుంది, మళ్లీ ఇంకో కాల్లో రావచ్చు, రెండేళ్ల లోపు మొత్తానికి ఆగిపోతుంది.

అయితే కాలు మార్చి కాలు కుంటడానికి మన జిల్లాల్లో ఇంకో పెద్ద కారణం ఉంది: పిడుదులు. వాటి ద్వారా వచ్చే ఎర్లీకియా జ్వరంలో కీళ్లు నొప్పెట్టి, ఇవాళ ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటుతుంది. చూపుకు పానోస్టియైటిస్ లాగే ఉంటుంది. తేడా మిగతా ఒంట్లో కనిపిస్తుంది. ఎదుగుదల నొప్పి ఉన్న పిల్లకు ఒకటి రెండు రోజులు నలత, కొంచెం జ్వరం ఉన్నా ఎక్కువగా హుషారు తగ్గదు. పిడుదుల జ్వరంలో తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, పొట్ట కింద ఎర్రటి చుక్కలు వస్తాయి, ముదిరితే ముక్కు నుంచి రక్తం కారుతుంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది. మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూస్తే 103 దాటిందంటే ఆగకండి. చెవి లోపలి మడతలు, వేళ్ల సందులు, తోక కింద వెతికితే పిడుదులు దొరుకుతాయి. దొరక్కపోయినా జ్వరం లేదనుకోవద్దు, కుట్టి రాలిపోయి ఉండొచ్చు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోతే అనుమానం బాగా బలపడుతుంది. డాక్సీసైక్లిన్ సాధారణంగా నాలుగు వారాలు వాడతారు. రెండు మూడు రోజులకే పిల్ల లేచి తోక ఊపుతుంది, అక్కడే చాలామంది మందు ఆపేస్తారు. ఆపకండి.

నా మటుకు, ఉత్తరాంధ్రలో కాలు మార్చి కుంటే పిల్లకు రక్తపరీక్ష చేయించకుండా "ఎదుగుదల" అని ఎవరన్నా ఒప్పుకోను.

మణికట్టు పైన వాపు, ఒళ్లు కాలిపోతోంది, లేవనంటోంది

వయసు ఎక్కువగా మూడు నాలుగు నెలలు. గ్రేట్ డేన్ లాంటి భారీ జాతి. నాలుగు కాళ్లూ నొప్పే, మణికట్టుకు కాస్త పైన రెండు వైపులా వాపు, తాకనివ్వదు. ఎదిగే ఎముకల చివర్లు వాచే ఈ జబ్బును హెచ్ఓడీ (హైపర్‌ట్రోఫిక్ ఆస్టియోడిస్ట్రఫీ) అంటారు. ఇంట్లో చూసుకునేది కాదు, సెలైన్ దాకా పోవచ్చు. అదే రోజు తీసుకెళ్లండి.

లేవడానికి తడబడుతోంది, పరుగులో కుందేలులా గెంతుతోంది

పడుకుని లేచినప్పుడు బిగుసుకుపోయి, నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది. పరిగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ ఒకేసారి వేస్తుంది. ఇది తుంటి కీలు వదులు, హిప్ డిస్‌ప్లేసియా. ల్యాబ్, షెపర్డ్, రాట్‌వైలర్‌లలో ఎక్కువ. ముందు కాలైతే అదే జాతుల్లో మోచెయ్యి కీలు లోపం, భుజంలో మృదులాస్థి పెచ్చు లేవడం ఉంటాయి. మోచెయ్యి బయటికి పెట్టి నడుస్తుంది, ఆట ఆడాక కుంటు పెరుగుతుంది. ఎదుగుదల నొప్పికి, వీటికి ఉన్న పెద్ద తేడా ఏమిటంటే, ఇవి ఎప్పుడూ అదే కాలో అవే కాళ్లో పట్టుకుంటాయి, వాటంతట అవి పోవు. తొందరగా పట్టుకుంటే చిన్న ఆపరేషన్‌తో పోయేవి కొన్ని ఉన్నాయి. రెండు వారాలు దాటి ఒకే కాలు కుంటే ఎక్స్‌రే తప్పదు. ఇక్కడి చిన్న క్లినిక్‌లన్నింట్లో ఆ సదుపాయం ఉండదు. గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, లేదంటే విశాఖ. ఎక్కడికైనా ముందు ఫోన్ చేసి ఎక్స్‌రే ఏ రోజుల్లో తీస్తారో కనుక్కుని బయల్దేరండి.

ఇందులో మన చేతిలో ఉన్నవి బరువు, నేల. అమెరికాలో 48 ల్యాబ్రడార్లను జీవితాంతం గమనించిన అధ్యయనంలో, పావు వంతు తక్కువ తిన్నవి సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటి తుంటి అరుగుదల కూడా ఆలస్యంగా వచ్చింది. బొద్దుగా ఉన్న పిల్లను చూసి ముచ్చటపడే ఇళ్లకు ఇది చెప్పడం కష్టం. పక్కటెముకలు కంటికి కనిపించకూడదు, చేతికి తగలాలి. అదే కొలత. మూడు నెలలలోపు పిల్లలు రోజూ మెట్లెక్కి దిగితే తుంటి సమస్య పెరుగుతుందని, మెత్తటి నేల మీద స్వేచ్ఛగా తిరిగితే తగ్గుతుందని నార్వేలో జరిగిన అధ్యయనం ఒకటి చెప్పింది. కాబట్టి డాబా మెట్లకు ఎత్తుకుని వెళ్లండి, టైల్స్ మీద గోనెపట్టా పరవండి. తెల్లవారుజామున బైకు వెనక పరిగెత్తించే అలవాటు ఏడాదిన్నర దాకా మానుకోండి.

చిన్న జాతి: రెండడుగులు మూడు కాళ్ల మీద, మళ్లీ మామూలే

పొమేరియన్‌లో ఇలా కనిపిస్తే మోకాలి చిప్ప పక్కకు జరుగుతోందన్న మాట. అప్పుడప్పుడే అయితే బరువు పెరగకుండా చూడండి, తరచూ అయితే డాక్టరుకు చూపించాలి. అలా వచ్చి పోకుండా వెనక కాలు ఒకటే రోజురోజుకూ సన్నబడుతుంటే అది తుంటి కీలులో తొడ ఎముక తలకు రక్తం అందని జబ్బు కావచ్చు, అదే అయితే ఆపరేషన్ అవసరం పడుతుంది.

కాళ్లు వంకర పోతున్నాయి, చిన్న గెంతుకే ఎముక విరిగింది

ఇది తిండి వల్ల వచ్చేది, మన ఇళ్లలో ఎక్కువ. రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, పెరుగన్నం, పాలన్నం మీదే పెరిగిన పిల్ల. రెండోది, "మాంసం బాగా పెడుతున్నాం కదా" అనుకునే ఇంటి పిల్ల, అంటే ఎముక లేని చికెన్, అన్నం మాత్రమే. మాంసంలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది, కాల్షియం ఏమీ ఉండదన్నట్టే. రక్తంలో కాల్షియం పడిపోకుండా ఒళ్లు ఎముకల్లోంచి లాగేసుకుంటుంది, ఎముక పలచబడి విరుగుతుంది. చోడి (రాగి) అంబలి పోస్తే సరిపోతుందని కొందరి నమ్మకం. చోళ్లలో కాల్షియం ఉన్న మాట నిజమే, కానీ దాన్ని ఒంటికి పట్టనివ్వని పదార్థమూ అందులోనే ఉంటుంది. ఇలాంటి పిల్లకు కాల్షియం అవసరమే, మోతాదు డాక్టరు బరువు చూసి చెప్పాలి.

అదే సిరప్ ఇంకో ఇంట్లో హాని చేస్తుంది. ప్యాకెట్ పెడిగ్రీనో రాయల్ కెనినో తింటున్న పెద్ద జాతి పిల్లకు కావలసినంత కాల్షియం అందులోనే ఉంది. ఆరు నెలలలోపు పిల్లల పేగుకు ఎక్కువైన కాల్షియాన్ని ఆపడం చేతకాదు, పోసినంతా చాలావరకు లోపలికి పోతుంది. దాంతో ఎముక, మృదులాస్థి ఎదుగుదలే గాడి తప్పుతుంది. కుంటు తగ్గాలని పోసిన సీసా కుంటు పెంచుతుంది. పెద్ద జాతి పిల్లకు "లార్జ్ బ్రీడ్ పప్పీ" అని రాసిన తిండి పెట్టి, ఇంకేమీ కలపకపోవడం మేలు.

కుంటడం కాదు, వెనక కాళ్లు ఈడుస్తోంది

ఇది వేరే సంగతి. దవడ వేలాడటం, చొంగ, మింగలేకపోవడం, ప్రవర్తన మారడం తోడైతే రేబిస్ కావచ్చు. నోట్లో ఎముక ఇరుక్కుందేమోనని చెయ్యి పెట్టొద్దు. కండరాలు టకటకా అదురుతుంటే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు అనుమానం. టీకాలు వేయని పిల్ల అయితే మనుషులకు దూరంగా ఉంచి డాక్టరుకు ఫోన్ చేయండి. కరిచినా, చొంగ గాయానికి తగిలినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి మనిషి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లో మందుల డబ్బా

డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఏదీ కుక్కపిల్లకు వేయకండి. మొదటి రెండూ కడుపులో పుళ్లు తెచ్చి కిడ్నీలు దెబ్బతీస్తాయి, మూడోది కాలేయానికి ముప్పు. "మనకు సగం మాత్ర, దానికి పావు" అనే లెక్క పనికిరాదు. కుక్కలకు ఇచ్చే మెలాక్సికమ్ కూడా మనుషుల మాత్ర బలంతో పోలిస్తే చాలా తక్కువ మోతాదు.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు

క్లినిక్ వాసన తగలగానే చాలా కుక్కలు కుంటడం మానేస్తాయి. ఇంటి దగ్గర నడిచేటప్పుడు పక్కనుంచీ ఎదురుగా వీడియో తీసి పెట్టుకోండి. వయసు, బరువు, ఏం తింటోంది, ఏ కాలు ఏ తేదీన కుంటింది, చివరిసారి పిడుదుల మందు ఎప్పుడు వేశారు, ఏ సిరప్ ఎంత పోశారు ఒక చీటీ మీద రాయండి. అప్పటికే ఎవరో చెప్పారని నొప్పి మాత్ర వేసి ఉంటే దాచకండి. ఆ మాత్ర మీద ఇంకో నొప్పి మందు, ముఖ్యంగా స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడితే కడుపులో రక్తస్రావం కావచ్చు, అందుకే ఏ మాత్ర, ఏ టైముకు వేశారో మాత్ర రేకుతో సహా చూపించండి.