ఫైర్ ఇంజిన్ పంపు నీళ్ళు లాగట్లేదా? ముందు వాక్యూమ్ గేజ్ చూడండి

సమస్య: ట్యాంకు నీళ్ళతో పంపు బాగానే కొడుతుంది, చెరువులోకి సక్షన్ హోస్ (నీళ్ళు లాగే గొట్టం) వేసి ప్రైమర్ ఆన్ చేస్తే మాత్రం చుక్క రాదు.

ఎక్కువ కంగారు పెట్టేది ఇదే. సెంట్రిఫ్యూగల్ పంపు గాలిని తోడలేదు, కేసింగులో (పంపు పై గుల్లలో) గాలి ఉంటే ఇంపెల్లర్ (లోపల తిరిగే రెక్కల చక్రం) ఎంత స్పీడుగా తిరిగినా ఉపయోగం లేదు, ఆ గాలిని లాగేసే పని ప్రైమర్‌ది, లాగేశాక నీళ్ళని పైకి తోసేది బయటి వాతావరణ పీడనం. అందుకే సముద్రమట్టం దగ్గర కూడా లెక్క ప్రకారం 10.3 మీటర్లకి మించి ఎత్తలేం, పనిలో 7 మీటర్లు వచ్చిందంటే పంపు బాగున్నట్టే.

45 సెకన్లు దాటినా ప్రైమ్ అవ్వకపోతే, అంటే గాలి పోయి నీళ్ళు పంపులోకి చేరకపోతే ఆపేయండి, అలాగే నొక్కి పట్టుకుంటే ప్రైమర్ మోటార్ కాలిపోతుంది. ఆపి గేజ్ చూడండి, సగం జవాబు అక్కడే ఉంటుంది.

ముల్లు పెద్దగా కదల్లేదా, ఎక్కడో గాలి చొరబడుతోంది. సక్షన్ హోస్ జాయింట్లో వాషర్ ఉందా, మడత పడిందా, డ్రెయిన్ కాక్ (పంపులో నీళ్ళు దింపేసే కుళాయి) తెరిచి ఉందా, డెలివరీ వాల్వ్ (నీళ్ళు బయటికి వెళ్ళేది) పూర్తిగా మూశారా, స్ట్రైనర్ (సక్షన్ హోస్ చివరి జల్లెడ) నీళ్ళలో బాగా మునిగిందా చూడండి. నేనైతే డ్రెయిన్ కాక్‌తోనే మొదలుపెడతాను, హడావిడిలో మర్చిపోయేది అదే.

ముల్లు బాగా వెళ్ళి ఆగిపోయింది కానీ నీళ్ళు లేవంటే దారి మూసుకుపోయినట్టు. స్ట్రైనర్‌కి ఆకులు, బురద పట్టి ఉంటాయి, లేదా నీటిమట్టం మరీ లోతులో ఉంది. ఇవేవీ కాకపోతే హోస్ లోపలి పొర ఊడి అడ్డం పడి ఉండొచ్చు, బయటికి హోస్ కొత్తదానిలా కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, ఇంకో హోస్ మార్చి చూడటమే మార్గం.

ప్రైమ్ అయ్యాక కాసేపటికే ప్రెషర్ పడిపోతుంటే హోస్ గోడ మీదుగా పంపు కంటే ఎత్తుకి లేచిందేమో చూడండి, ఆ వంపులో గాలి నిలిచిపోతుంది.

లీక్ దొరక్కపోతే స్టేషన్లో తీరిగ్గా డ్రై వాక్యూమ్ టెస్ట్ చేయండి. పంపులో నీళ్ళన్నీ దింపేసి, సక్షన్ వైపు మూతలు బిగించి, డెలివరీ వాల్వులు మూసి, వాటి మూతలు మాత్రం తీసేసి 22 ఇంచుల (పాదరసం లెక్కలో) వాక్యూమ్ లాగి ఇంజిన్ ఆపేయండి, 5 నిమిషాల్లో 10 ఇంచుల కంటే ఎక్కువ పడకూడదు. ఇంజిన్ ఆగి ఉంటుంది కాబట్టి గాలి చొరబడే చోట బుస్సుమనే చప్పుడు చెవికే తెలుస్తుంది.

సమస్య: పంపులో గులకరాళ్ళు దొర్లుతున్నట్టు చప్పుడు, ఆర్పీఎం పెంచినా ప్రెషర్ పెరగదు.

ఇది కావిటేషన్, అంటే నీళ్ళు చాలక పంపు లోపల ఆవిరి బుడగలు పుట్టి పగలడం. లోపలికి వచ్చే నీళ్ళ కంటే ఎక్కువ బయటికి పంపాలని చూస్తున్నారు. థ్రాటిల్ ఇంకా పెంచితే ఇంపెల్లర్ గుంటలు పడి పాడవుతుంది, దయచేసి తగ్గించండి, చప్పుడు పోయేదాకా. ఒక డెలివరీ తగ్గించి స్ట్రైనర్ శుభ్రం చేయండి.

సమస్య: పంపు బాడీ వేడెక్కింది.

బ్రాంచ్ (డెలివరీ హోస్ చివర నాజిల్) మూసి పంపు నడుపుతూ ఉంటే అవే నీళ్ళు లోపల తిరిగి తిరిగి మరుగుతాయి, తర్వాత బ్రాంచ్ తెరిచినవాడి మీద పడేది ఆ వేడి నీళ్ళే. నీళ్ళని తిరిగి ట్యాంకులోకి పంపే రీసర్క్యులేషన్ లైన్ కొంచెం తెరిచి ఉంచండి.

సమస్య: షాఫ్ట్ దగ్గర నీళ్ళు కారుతున్నాయి.

గ్లాండ్ ప్యాకింగ్ (షాఫ్ట్ చుట్టూ కుక్కే తాడులాంటి ప్యాకింగ్) అయితే చుక్కలు పడాలి, షాఫ్ట్‌ని చల్లబరిచేది అవే, పూర్తిగా ఆగేలా బిగిస్తే షాఫ్ట్ అరిగిపోతుంది. మెకానికల్ సీల్ అయితే మాత్రం అస్సలు కారకూడదు, కారితే సీల్ మార్చాల్సిందే.