అమ్మ పేరు మీద చలివేంద్రం పెట్టాలనుకుంటే

అమ్మ పోయిన తర్వాతి వేసవిలో చలివేంద్రం బాధ్యత నా మీద పడింది. ఆరు కొత్త కుండలు కొని, తెల్లటి ఎనామిల్ రంగు వేయించి, ఎర్రటి అక్షరాలతో అమ్మ పేరు రాయించాను. చూడముచ్చటగా ఉన్నాయి. నీళ్లు మాత్రం చల్లబడలేదు. కుండ గోడలోని సన్నటి రంధ్రాల నుంచి నీరు బయటికి చెమర్చి ఆవిరవుతుంటేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. నా రంగు ఆ రంధ్రాలను మూసేసింది. రోజూ వచ్చే ఆటో డ్రైవరు ఒకతను రెండు గుక్కలు తాగి, ‘పెద్దమ్మ ఉన్నప్పుడు నీళ్లు ఇలా ఉండేవి కావన్నా’ అన్నాడు. అందుకే ముందుగా చెబుతున్నాను: కుండకు రంగు వేయకండి. పేరు రాయకుండా ఉండలేకపోతే పక్కన ఒక పలక పెట్టి సుద్దముక్కతో రాయండి.

హనుమకొండ నుంచి కాజీపేట వెళ్లే రోడ్డు పక్కన, వేపచెట్టు కింద అమ్మ చాలా ఏళ్లు ఈ పని చేసింది. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో, అంటే మనిషి పేరు నిలబెట్టే ఏడింటిలో, ఒకటని ఎక్కడో పురాణ కాలక్షేపంలో విన్నదట. పాకాల, రామప్ప చెరువులు తవ్వించిన కాకతీయుల నేల మీద పుట్టి ఆ మాట వింటే ఊరుకుంటుందా! ‘చెరువు తవ్వించే స్తోమత మనకెక్కడిది, కుండ నింపే ఓపిక ఉంది’ అనేది. శుక్రవారం భద్రకాళి అమ్మవారి దర్శనానికి కూడా కుండలు నింపాకే బయలుదేరేది.

ఉగాది మర్నాడు మొదలుపెట్టండి. నీడతో పాటు గాలి ఆడే చోటు చూసుకోండి. మూడు వైపులా తడకలు కట్టేస్తే ఆవిరి పోయే దారి ఉండదు, నీళ్లూ చల్లబడవు. పక్క దుకాణం వాళ్లతో ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

కొత్త కుండను ఒక పగలు, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాలి. మొదటి రెండుసార్లు నింపిన నీళ్లు మట్టి వాసన వేస్తాయి, చెట్టుకు పోసేయండి. జానెడు మందాన ఇసుక పరిచి దాని మీద కుండలు కుదురుగా నిలపండి. చుట్టూ గోనెసంచి కట్టి, ఉదయం, మధ్యాహ్నం ఇసుకనూ సంచినీ తడపండి. కడగడానికి సబ్బు వాడవద్దు, మట్టి దాన్ని పీల్చుకుంటుంది. కొబ్బరిపీచు, కాస్త చింతపండు చాలు. కుండ బయట తెల్లగా ఉప్పు పేరుకుంటే అదీ రుద్దేయాలి. లేకపోతే నా రంగు చేసిన పనే అదీ చేస్తుంది.

ఇరవై లీటర్ల కుండలు ఆరు ఉంటే 120 లీటర్లు, అంటే రెండు వందల మిల్లీలీటర్ల గ్లాసుతో 600 మందికి సరిపోతాయి. తాగడానికి పనికొచ్చే శుద్ధమైన నీళ్లే పోయండి. మూతికి పలుచటి గుడ్డ కట్టండి. ఎవరి చేయి వాళ్లు ముంచకుండా పొడవాటి కాడ ఉన్న గరిటె ఉంచండి. మొదటి గ్లాసు అమ్మ తానే తాగేది. రుచి చూడకుండా అమ్మవారికైనా పెట్టను అనేది. నైవేద్యం ఎంగిలి చేయకూడదు కదా అని అక్క అంటే, ‘దాహమైనవాడికి ఆ పట్టింపు లేదు’ అని నవ్వేది.

శుక్రవారం మజ్జిగ పోసేవాళ్లం. పది లీటర్ల పెరుగుకు ముప్పై లీటర్ల నీళ్లు కలిపి చిలికితే 200 గ్లాసులవుతుంది. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దంచి వేయండి. ఉప్పు 200 గ్రాములు దాటనివ్వకండి. ఎండలో ఉంచితే రెండు గంటల్లో పులుస్తుంది, కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకోండి.

అసలు కష్టం మనిషిది. ఫ్లెక్సీ కట్టి, ఫొటోలు దిగి, వారం తర్వాత ఖాళీ కుండలు వదిలేసిన చలివేంద్రాలను చాలా చూశాను. మా ఇంట్లో వంతులు వేసుకున్నాం. ఉదయం ఆరింటికి నింపడం నాది, మధ్యాహ్నం అక్కది, ఆదివారం పిల్లలది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం వంతు ఎవరికీ ఇష్టం ఉండదు. ఆ పూటే ఎక్కువ మంది వస్తారు.

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర రాగానే ముగించండి. కుండలు కడిగి, ఆరబెట్టి, బోర్లించి పెట్టండి. ప్రతి ఏడూ ఒకటో రెండో పగులుతాయి. అమ్మ వాటిలో మట్టి నింపి జూలైలో బంతి విత్తనాలు చల్లేది. మేమూ చల్లుతున్నాం, బతుకమ్మకు ఇంటి పూలే సరిపోతున్నాయి.