పిల్లలకు గురుత్వాకర్షణ, నాలుగో పాఠం: చిల్లు సీసా (ముందు పోయినసారి బాకీ)

ఈసారి చిల్లు సీసా ప్రయోగం చెప్తానన్నాను. చెప్తాను, కానీ వెంటనే కాదు. బరువు బంతినీ తేలిక బంతినీ ఒకే ఎత్తు నుంచి వదిలితే రెండూ ఒకేసారి నేలకి చేరతాయని మూడో పాఠంలో చెప్పాను. అది చదివి ఇంట్లో చేసి చూసినవాళ్లలో చాలామంది రాసింది ఒకటే: "రెండూ ఒకేసారి పడతాయన్నారు, మా ఇంట్లో పడలేదు." ఒకరింట్లో బరువు బంతి ముందు పడిందట, ఇంకొకరింట్లో తేలిక బంతి ముందు పడిందట. ఒక పాపైతే "ఆ రాసినాయనకి తెలీదులే" అని తేల్చేసిందట. ఆ పాప మీద నాకేం కోపం లేదు, చూసింది చూసినట్టు చెప్పింది. తప్పు నాదే. "రెండు చేతులతో ఒకేసారి వదలండి" అని ఒక్క ముక్కలో దాటేశాను.

రెండు చేతులతో ఒకేసారి వదలడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. కొంచెం లెక్క చూడండి. ఛాతీ ఎత్తు నుంచి, అంటే 1.25 మీటర్ల నుంచి వదిలింది అర సెకనులో నేలకి చేరుతుంది. చేరేటప్పటికి దాని వేగం సెకనుకి సుమారు 5 మీటర్లు. అంటే ఒక చెయ్యి సెకనులో నూరో వంతు ఆలస్యం చేసినా సరే, మొదటిది నేలని తాకేసరికి రెండోది ఇంకా 5 సెంటీమీటర్ల పైన ఉంటుంది. పిల్లల కళ్లకి 5 సెంటీమీటర్లు చాలా పెద్ద తేడా, "ఇదే ఫస్ట్!" అని అరిచేస్తారు. పైగా బరువైనదాన్ని మనకి తెలియకుండానే గట్టిగా పట్టుకుంటాం, ఆ వేళ్లు విడవడానికి ఇంకాస్త టైమ్ తీసుకుంటాయి. గెలీలియో కూడా కుర్రతనంలో రాసిన రాతల్లో తేలిక వస్తువు మొదట్లో కాస్త ముందుంటుందని రాసుకున్నాడు. ఆ పనే ఈ కాలంలో మళ్లీ చేసి ఫొటోలు తీస్తే, బరువు మోస్తున్న చెయ్యి ఆలస్యంగా విడవడం కనబడింది. అంతటివాడికే చేతులు మోసం చేశాయి, మనమెంత.

అందుకని చేతులు మానేయండి. పెద్ద నోటుపుస్తకం అట్ట లాంటిది ఒకటి తీసుకోండి, వంగకుండా గట్టిగా ఉండాలి. ఒక అంచుని రెండు చేతులతో పట్టుకుని నేలకి సమంగా చాపి, అవతలి అంచు దగ్గర రెండు వస్తువులూ పక్కపక్కన పెట్టించండి. ఇప్పుడు ఆ అంచుని ఒక్క ఊపున కిందికి దించేయండి, తలుపు రెక్క వాలినట్టు. వస్తువుల కంటే అట్ట ముందే కిందికి వెళ్లిపోతుంది కాబట్టి రెండింటికీ ఒకే క్షణంలో ఆధారం పోతుంది. రెండూ మీకు సమాన దూరంలో ఉండాలి, ఒకటి ముందు ఒకటి వెనక పెడితే మళ్లీ తేడా వస్తుంది. బంతులైతే దొర్లిపోతాయి, అందుకే నేను బంతులు మానేసి నాణేలు, నట్లు, రబ్బరు ముక్కలు వాడతాను. కింద స్టీలు పళ్లెం బోర్లించి కళ్లు మూసుకుని వినమనండి. "టక్" అని ఒక్కటే వినిపిస్తే ఒకేసారి, "ట-టక్" అని వినిపిస్తే కాదు. ఇలాంటి పనికి కన్ను కంటే చెవి నయం. ఫోన్‌లో స్లో మోషన్ తీస్తామంటే తీసుకోండి, నేను వద్దనను, కానీ మొదట చెవితో తేల్చుకున్నాకే.

టేబుల్ టెన్నిస్ బంతి వాడినవాళ్లకి ఒక మాట. అది వద్దు. అంత తేలిక బంతిని గాలి బాగానే ఆపుతుంది, ఛాతీ ఎత్తు నుంచే కొన్ని సెంటీమీటర్లు వెనకబడుతుంది. మీరు చూసింది నిజమే, మీరు పట్టుకొచ్చిన బంతే పనికిరాదు.

ఇంకో బాకీ, కాగితం సంగతి. పుస్తకం మీద దానికంటే చిన్న కాగితం పెట్టి పుస్తకాన్ని వదిలితే రెండూ కలిసి పడతాయని చెప్పాను. పడ్డాయి, అందరింట్లోనూ. కానీ ముగ్గురు పిల్లలు వేర్వేరుగా ఒకే మాటన్నారట: "పుస్తకం కాగితాన్ని అంటిపెట్టుకుంది." చాలా మంచి అనుమానం. పుస్తకం గాలిని తోసుకుంటూ పోతుంది, దాని వెనక ఉన్న కాగితానికి గాలి అడ్డు తగలదు. ఇంతవరకు నిజమే, కానీ కాగితం పుస్తకానికి అతుక్కోలేదని ఈ ఒక్క ప్రయోగంతో చూపించలేం. నేను ఇది మొదట చెప్పి ఉండాల్సింది కాదు. ముందు చేయాల్సింది ఇది: ఒకే కొలత కాగితాలు రెండు తీసుకుని ఒకదాన్ని ఉండ చుట్టండి, రెండోది అలాగే ఉంచండి. రెండూ వదలండి (ఇక్కడ తేడా పెద్దది, చేతులతో వదిలినా పరవాలేదు). ఉండ ముందు పడుతుంది. బరువు మారిందా? మారలేదు. భూమి లాగడం మారిందా? మారలేదు. మరి ఏం మారింది? ఈ ప్రశ్న అడిగి నోరు మూసుకోండి. దయచేసి. జవాబు మీరు చెప్పేస్తే ఈ పాఠం ఇక్కడితో అయిపోయినట్టే.

అయినా ఒప్పుకోని పిల్లలుంటారు, పదేళ్లు దాటినవాళ్లు ముఖ్యంగా. వాళ్లకి ఒకే రకం నాణేలు మూడు ఇవ్వండి. మూడింటినీ అట్ట మీంచి పడేస్తే ఒకేసారి పడతాయి, దీనికి ఎవరూ పేచీ పెట్టరు. ఇప్పుడు రెండింటిని టేపుతో కలిపి అతికించండి. ఇది ఇప్పుడు రెట్టింపు బరువు. టేపు వేసినంత మాత్రాన ఈ జంటకి కొత్తగా స్పీడ్ ఎక్కడినుంచి వస్తుంది? పడేసే ముందు ఊహించి చెప్పమనండి, తర్వాత పడేయండి. "బరువైనదాన్ని భూమి ఎక్కువ లాగుతుంది కదా" అని అడిగితే అవునని ఒప్పుకోండి, నిజమే కాబట్టి. రెట్టింపు బరువుకి లాగుడు రెట్టింపు, కదలడానికి మొరాయించడం కూడా రెట్టింపు. ఖాళీ బండిని ఒకరు తోస్తే ఎంత వేగంగా పోతుందో, రెట్టింపు బరువున్న బండిని ఇద్దరు తోస్తే అంతే వేగంగా పోతుంది. ఇంతకంటే లోతుకి ఇప్పుడు వెళ్లొద్దు.

సరే, సీసా.

ప్లాస్టిక్ నీళ్ల సీసాకి అడుగు నుంచి రెండు వేళ్ల ఎత్తులో మేకుతో ఒక చిల్లు పెట్టండి. మేకు పని పెద్దవాళ్లది. చిల్లుని వేలితో మూసి నీళ్లు నింపండి, మూత పెట్టకండి. ఆరుబయట ఒక స్టూలు ఎక్కి వేలు తీయండి, ధార వస్తుంది. ధార వస్తుండగానే సీసాని వదిలేయండి. పడుతున్నంతసేపు ధార ఆగిపోతుంది. అర సెకను మాత్రమే కాబట్టి మొదటిసారి కనబడకపోవచ్చు, ఇక్కడ మాత్రం ఫోన్ స్లో మోషన్ పెట్టుకోండి, నేనూ పెట్టుకుంటాను.

ఎందుకు ఆగింది? సీసా చేతిలో ఉన్నప్పుడు భూమి నీళ్లని లాగుతోంది, సీసా అడుగు వాటిని ఆపుతోంది, పైనున్న నీళ్లు కిందున్న నీళ్లని నొక్కుతున్నాయి, ఆ నొక్కుడుకి చిల్లులోంచి ధార వస్తోంది. వదిలాక సీసా, నీళ్లు ఒకే తీరున పడుతున్నాయి. ఎవరూ ఎవరినీ ఆపట్లేదు కాబట్టి నొక్కుడు లేదు, ధార లేదు. పోయిన పాఠం వంటబట్టకపోతే ఇది ఎక్కదు, అందుకే ఇంతసేపు దాని మీద ఉన్నాను. అర్థం కానివాళ్ల అరచేతిలో ఒక లావు పుస్తకం పెట్టి, చేతిని గబుక్కున కిందికి దించమనండి. దించిన ఆ క్షణంలో పుస్తకం బరువు తగ్గినట్టు అనిపిస్తుంది. పుస్తకం ఏమీ మారలేదు.

ఇప్పుడు అసలు సరదా. సీసాని కిందికి వదలకుండా, ధార వస్తుండగా ఎదురుగా ఉన్న ఇంకొకరికి పైకి ఎత్తి విసరండి. విసిరే ముందు పిల్లల్ని అడగండి: పైకి వెళ్తున్నప్పుడు ధార ఎలా ఉంటుంది? ఎక్కువ వస్తుందని కొందరు, పైకి వెళ్లేటప్పుడు వస్తుంది, కిందికి దిగేటప్పుడు ఆగుతుందని కొందరు అంటారు. చెయ్యి వదిలిన క్షణం నుంచి అవతలివాళ్లు పట్టుకునేదాకా ధార ఉండదు, పైకి వెళ్తున్నప్పుడు కూడా! ఇది చూసి నోరు తెరవని పిల్లవాణ్ణి నేనింకా చూడలేదు, పెద్దవాళ్లలో కూడా తక్కువమందినే చూశాను. చెయ్యి వదిలిందంటే అది పడుతున్నట్టే లెక్క, పైకి వెళ్తున్నా సరే.

ఇక్కడే నన్ను ఏళ్లుగా విసిగిస్తున్న మాట వస్తుంది. సీసా ప్రయోగం చేసి చూపించగానే పక్కనున్న పెద్దవాళ్లెవరో "అంటే అప్పుడు గ్రావిటీ ఉండదన్నమాట, స్పేస్‌లో లాగా" అంటారు. కాదండీ. గ్రావిటీ లేకపోతే ఆ సీసా కిందెందుకు పడుతుంది? పడుతోంది కాబట్టే ధార ఆగింది. స్పేస్‌లో కూడా అంతే, "జీరో గ్రావిటీ" అన్న మాటే తప్పుదారి పట్టిస్తుంది, పిల్లల ముందు వాడకండి.

ఇది మాటలతో పోదు, బొమ్మ గీయించండి. భూమి వ్యాసం సుమారు 12,740 కిలోమీటర్లు. కాగితం మీద 12.7 సెంటీమీటర్ల వెడల్పు గుండ్రం గీస్తే ఒక మిల్లీమీటరుకి దాదాపు 100 కిలోమీటర్లు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఉండేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. అంటే గీత మీద నుంచి 4 మిల్లీమీటర్లు! ముందు పిల్లలనే చుక్క పెట్టమనండి, చాలామంది కాగితం అంచున పెడతారు. తర్వాత స్కేలుతో అసలు చోటు పెట్టించండి. భూమి లాగుడు ఆ 4 మిల్లీమీటర్లలో మాయమైపోతుందా? అక్కడ ఇంకా మన దగ్గర ఉన్నదాంట్లో దాదాపు తొమ్మిది పదో వంతులు ఉంటుంది. 400 కిలోమీటర్ల ఎత్తు గోపురం కట్టి దాని మీద నిలబడగలిగితే, ఇక్కడ 20 కిలోలు తూగే పిల్లవాడు అక్కడ సుమారు 18 కిలోలు తూగుతాడు. తేలడం గీలడం ఏమీ ఉండదు.

మరి లోపల ఉన్నవాళ్లు ఎందుకు తేలుతున్నారు? సీసాలో నీళ్లలాగే, కేంద్రంతోపాటు వాళ్లూ పడుతున్నారు కాబట్టి. పడుతుంటే నేలకి తగలదేం అంటే, అది పక్కకి కూడా సెకనుకి ఏడున్నర కిలోమీటర్లకి పైగా పరుగెడుతోంది. ఒక సెకనులో నాలుగు మీటర్లకి పైగా భూమి వైపు పడుతుంది, కానీ ఆ సెకనులో అది దాటిన దూరానికి గుండ్రటి భూమి కూడా దాదాపు అంతే కిందికి వంగిపోయి ఉంటుంది. అలా పడుతూనే సుమారు గంటన్నరకి ఒకసారి భూమిని చుట్టేస్తుంది. భూమి లాగడం నిజంగా ఆగిపోతే తేలుతూ అక్కడే ఉండదు, దారం తెగిన రాయిలా తిన్నగా వెళ్లిపోతుంది.

దీనికి తమ్ముడి లాంటి పొరపాటు ఇంకొకటి ఉంది: గాలి లేని చోట గ్రావిటీ ఉండదని. చంద్రుడి మీద గాలి దాదాపు లేదు. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ అక్కడ నిలబడి 1.32 కిలోల సుత్తిని, డేగ ఈకని రెండు చేతుల్లోంచి ఒకేసారి వదిలాడు. రెండూ కలిసి పడ్డాయి, కాస్త నింపాదిగా, చంద్రుడి లాగుడు ఇక్కడి దాంట్లో ఆరో వంతే కాబట్టి. గాలి లేదు, పడటం ఉంది. ఇంకేం కావాలి. (ఆయన చేతులతోనే వదిలాడు కదా అంటారా? అక్కడ పడటమే అంత నెమ్మదిగా ఉంటే చేతుల తేడా అంతగా కనబడదు.)

అభ్యాసం ఈసారి కష్టమైనదే, ఒక వారం పట్టినా తొందరలేదు. రెండు మీటర్ల పొడవు దారం, ఒకే సైజు నట్లు ఐదు, స్టీలు పళ్లెం కావాలి. దారం ఒక కొసన మొదటి నట్టు, అక్కడినుంచి 40 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున మిగతా నాలుగూ కట్టండి. పళ్లెం నేల మీద బోర్లించి, కొసన ఉన్న నట్టు దాన్ని తాకేలా దారాన్ని నిలువుగా పట్టుకుని వదలండి. పట్టుకునేది పెద్దవాళ్లు, వినేది పిల్లలు. టక్కులు సమానంగా రావు, పోనుపోను దగ్గరవుతాయి. ఎందుకో పిల్లలు చెప్పగలిగాక, టక్కులు గడియారంలా సమానంగా వినిపించేలా నట్లని జరపమనండి. కింది నట్టు, పై నట్టు జరపకూడదు, మధ్యలో మూడే. కొలతలు మీరు చెప్పకండి.

మీ కోసం మాత్రం రాస్తున్నాను: కింది నట్టు నుంచి 10, 40, 90, 160 సెంటీమీటర్లు. మధ్య దూరాలు 10, 30, 50, 70, అంటే 1, 3, 5, 7. గెలీలియో వాలుబల్ల మీద గుండ్లు దొర్లించి పట్టుకున్న బేసి సంఖ్యల వరస ఇదే, 1638లో అచ్చయిన పుస్తకంలో ఉంది. పిల్లలు చెవితో జరుపుకుంటూ పోయి 12, 43, 88 దగ్గర ఆగారనుకోండి, సరిదిద్దకండి. ఆ అంకెలే నాకు రాసి పంపండి, ఐదో పాఠం వాటితోనే మొదలుపెడతాను.